ఈల్లు

మా వీధి చివర బడివాళ్లు మొన్న వచ్చి నన్నొకటి అడిగారు. ఇంట్లో ముసలివాళ్లని, మంచం పట్టినవాళ్లని చూసుకుంటూ చదువుకునే పిల్లలు వాళ్ల బడిలో ఆరుగురున్నారట. వాళ్లని వేదిక మీద కూర్చోబెట్టి శాలువాలు కప్పుతారట. "మేడమ్, మీరు కూడా చిన్నప్పుడు మీ నాయనమ్మగారికి చాలా సేవ చేశారని విన్నాం. పిల్లలకి రెండు మంచి మాటలు చెప్పండి" అన్నారు. ఎవరు చెప్పారో వాళ్లకి. మా మేనత్త బతికున్నన్నాళ్లూ కనబడినవాళ్లందరి దగ్గరా టముకు వేసింది, అదే పాకి పాకి విజయనగరం దాకా వచ్చి ఉంటుంది.

సరేనన్నాను. కాఫీ ఇచ్చి పంపేశాను. తర్వాత కాగితం ముందేసుకుని కూర్చుంటే రెండు కాదు కదా, ఒక్క మంచి మాట కూడా రాలేదు. పోనీ ఉన్నదున్నట్టు రాసి చూద్దామనుకుంటే ఇదిగో, ఇది వచ్చింది. దీన్ని ఆ పిల్లల ముందు చదవలేను. చదవను కూడా.

మాది నెల్లిమర్లకి దగ్గర్లో ఒక ఊరు. పెద్ద ఊరేం కాదు, నాలుగు వీధులు, గెడ్డ అని మేం పిలిచే చిన్న వాగు, గెడ్డకి అవతల రైలు కట్ట. పొద్దున్న మిల్లు కూత వినబడితే లేవడం, సాయంత్రం కూత వినబడితే పొయ్యి రాజెయ్యడం. మా నాన్న ఆ జనపనార మిల్లులోనే పనిచేసేవాడు. ఆయన చొక్కాకి, తువ్వాలుకి, చివరికి తలగడకి కూడా నార నూనె వాసన. వానలు తగ్గుముఖం పట్టాక నార కోసం గెడ్డలో గోగు కట్టలు నానవేసేవాళ్లు. ఆ కుళ్లు కంపుకి బయటూరి చుట్టాలు ముక్కు మూసుకునేవాళ్లు గాని, మాకది కంపని తెలిసేది కాదు. ఇప్పుడు ఆ గోగూ లేదు, గెడ్డలో నీళ్లూ లేవు. కట్ట పొడుగునా ప్లాట్ల రాళ్లు పాతేశారు.

అమ్మ తెల్లారకుండానే వంకాయల బుట్ట నెత్తినెత్తుకుని పాసింజరు బండెక్కి విజయనగరం మార్కెట్టుకి పోయేది. మళ్లీ మూడింటికి తిరిగొచ్చేది. ఇంటికి నేనొక్కదాన్నే పిల్లని. ఇంటి పెత్తనం మాత్రం మా మామ్మది, అంటే నాన్నకి తల్లి.

మామ్మ మంచిదని ఊళ్లో ఎవరూ అనలేదు, నేనూ అనను. బియ్యం డబ్బా మూత మీద వేలితో గీత గీసి పెట్టుకునేది, తాను లేనప్పుడు కోడలు తీసిందేమో తెలియాలని. అమ్మ అంబలిలో ఒకసారి ఉప్పు మరిచిపోతే కుండెత్తి వాకిట్లో బోర్లించేసింది. ఆ రోజు నాన్న ఉత్త కడుపుతో మిల్లుకి పోయాడు, అమ్మ ఉత్త కడుపుతో మడికి పోయింది, మామ్మ మాత్రం ఎదురింట్లో అంబలి తాగొచ్చింది. నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. "ఒసే నల్ల గుంటా" అనేది. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. మగపిల్లాణ్ణి కనలేదన్న కోపం అమ్మ మీద తీరక మిగిలింది నా మీద తీర్చుకునేది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. నెత్తళ్లని, ఆ చిన్న ఎండు చేపల్ని, నిప్పుల మీద పడేసి, బూడిద దులిపి, చోళ్ల, అంటే రాగుల అంబలిలోకి నంజుకోమని ఇచ్చేది కూడా ఆవిడే. ఆ నెత్తళ్ల రుచి నాకు మళ్లీ ఎక్కడా తగల్లేదు. ఎండిన తలకాయలు కరకరలాడిస్తుంటే ఎదురుగా కూర్చుని చూసేది. "తిను, తిను. మీయమ్మ సేసిన కూరకన్నా బాగున్నాదా నేదా?" అనేది. బాగుందంటే ఇంకో రెండు పడేవి. నేను ఎప్పుడూ బాగుందనే అనేదాన్ని.

నేను పదో తరగతిలో ఉండగా, అర్ధ సంవత్సరం పరీక్షలయిన వారానికి, వాకిట్లో చోళ్లు చెరుగుతూ చెరుగుతూ పక్కకి ఒరిగిపోయింది. చేట చేతిలోనే ఉంది. నోరు ఒక పక్కకి వెళ్లిపోయింది. పక్షవాతమన్నారు. పెద్దాసుపత్రిలో పది రోజులుంచుకుని, ఇంక ఇంటి దగ్గరే చూసుకోండని పంపించేశారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఎడం చెయ్యి కొంచెం ఆడేది.

మంచం నడవలో వేశారు. నాన్న మిల్లు మానలేడు, అమ్మ మార్కెట్టు మానలేదు. దాని గురించి మా ఇంట్లో పెద్ద చర్చేం జరగలేదు. నాన్న నెత్తి గోక్కుంటూ నిలబడ్డాడు. అమ్మ బుట్టలోకి వంకాయలు సర్దుకుంటూ తలెత్తకుండా, "గుంట ఉన్నాది కదా" అంది. అంతే. మర్నాటినుంచి నా బడి సంచీ మేకుకి వేలాడింది.

"ఎన్నాల్లు మానాలమ్మా?" అనడిగాను.

"ముసిల్దాని సంగతి తేలీదాకా" అంది అమ్మ.

తేలడమంటే ఏమిటో నాకు తెలియకపోలేదు.

పదిహేనేళ్లదాన్ని. పొద్దున్నే ఆవిడని పక్కకి తిప్పి కింద బొంత లాగాలి. మనిషి ఎముకలగూడే గాని బరువు మాత్రం బస్తాడుండేది. తుడవాలి, వీపు మీద పుళ్లకి పౌడరు రాయాలి, పాత చీర ముక్క వెయ్యాలి, పొడి బొంత పరవాలి. అంబలి చెంచాతో పోస్తే సగం లోపలికి, సగం మెడ మీదకి. ఆ తర్వాత తడి బొంతలు తట్టకెత్తుకుని గెడ్డకి పోవాలి. సరిగ్గా అప్పుడే నా తోటి ఆడపిల్లలు జడలకి రిబ్బన్లు కట్టుకుని గెడ్డ గట్టు మీద బడికి పోయేవాళ్లు. మొదట్లో ఆగి పలకరించేవాళ్లు. రానురాను ఆ బొంతల కంపుకి పైట ముక్కు మీదకి లాక్కుని గబగబా నడిచిపోయేవాళ్లు. నేను తల వంచుకుని బండకేసి బాదేదాన్ని. ఆ దెబ్బలు బొంతకి కాదు, మామ్మకే కొడుతున్నాననుకునేదాన్ని.

బొంతలు ఎక్కువవుతున్నాయని ఏడిస్తే అమ్మ ఉపాయం చెప్పింది. "పొద్దున్నొక గలాసు, సాయంత్రమొక గలాసు నీల్లియ్యి. అంతకు మించి పోసినావంటే ఆ బొంతలు నీ పెల్లి దాకా ఉతుక్కుంతావు."

అది విన్నాక నా బుర్ర దానంతటదే పనిచేసింది. గ్లాసుకి నాలుగు బొంతలైతే అరగ్లాసుకి రెండు. అరగ్లాసు చేశాను. నిజంగానే రెండయ్యాయి. కొన్నాళ్లకి సాయంత్రంది మానేశాను, అంబలిలో ఎలాగూ నీళ్లుంటాయి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాత అంబలి కూడా గట్టిగా కలపడం మొదలెట్టాను. నీళ్ల కుండ నడవ మూల ఆవిడకి కనబడేటట్టు ఉండేది. పొద్దస్తమానం దాన్నే చూసేది. ఆ చూపు భరించలేక కుండని వంటింట్లోకి మార్చేశాను. అప్పుడింక నన్ను చూడడం మొదలెట్టింది.

జబ్బు చేశాక మామ్మ నాలుక మొద్దుబారిపోయింది. మాటకి మొదటుండే హల్లు ఊడిపోయేది. కాలుని "ఆలు" అనేది, కూడుని "ఊడు" అనేది. "కోడలేదీ" అనబోయి "ఓడలేదీ" అంటే పక్కింటి పిల్లా నేనూ గోడకి చేరబడి కడుపు చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లం. "మీ మామ్మ ఓడలెక్కి ఎల్తాదటే, ఏ ఊరెల్తాదో అడుగు" అనేది అది. ఒక్కొక్క మాట ఆవిడ చేత అనిపించి, అదేమిటో కనిపెట్టడం మా ఆట. గెలిచినవాళ్లకి రెండు శెనగలు. మామ్మ కళ్లలో నీళ్లు తిరిగేవి. మాకింకా నవ్వొచ్చేది.

ఆ ఆట వల్ల ఒక సంగతి జరిగింది. ఆవిడ భాష నాకు పూర్తిగా పట్టుబడిపోయింది. నాన్నకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మిల్లు నుంచి వచ్చి మంచం పక్కన గొంతుక్కూర్చుని, తల్లి ఏదో అంటే నా వైపు చూసేవాడు. "ఏటంతందే?" అనేవాడు. నేను చెప్పేదాన్ని. నేను ఏది చెబితే అదే ఆవిడ మాట. ఇన్నాళ్లూ నల్ల గుంటనన్నావు కదా, ఇప్పుడు నీ నోరు నా చేతిలో ఉంది చూడని లోపల భలే సంతోషంగా ఉండేది.

ఆవిడ ఎక్కువగా అనేది ఒకటే మాట. "ఈల్లు." రోజుకి వంద సార్లు. అంటే నీళ్లు. ఆ మాత్రం తెలుసుకోడానికి మా ఆట కూడా అక్కర్లేదు.

ఒక సాయంత్రం నాన్న ఉండగా "ఈల్లు, ఈల్లు" అని గొణిగింది.

"ఏటంతందే?" అన్నాడు నాన్న.

నీళ్లంటే, పోశావా లేదా అంటాడు. పోశానంటే, మరి ఎందుకడుగుతోందంటాడు. నోటికి ఏదొస్తే అది చెప్పేశాను. "జీల్లంతంది నానా. జీల్లు తినాలనున్నాదట."

పాపం పిచ్చి మా నాన్న. మర్నాడు డ్యూటీ దిగి నెల్లిమర్ల బజారులో నువ్వుల జీళ్లు పొట్లం కట్టించుకుని వచ్చాడు. తన చేత్తో ఒకటి ముక్క చేసి తల్లి నోట్లో పెట్టాడు. పళ్లు లేని నోరు, ఎండిపోయిన నాలుక. ఆ బెల్లం ముక్క అంగిట్లో అతుక్కుపోయింది. ఆవిడ గింజుకుంటుంటే నాన్న, "తియ్యగున్నాదా అమ్మా?" అని అడుగుతున్నాడు. ఆయన అటు వెళ్లాక వేలు పెట్టి ఆ ముక్క నేనే లాగేశాను. పొట్లం మొత్తం నేనూ పక్కింటి పిల్లా తిన్నాం. చాలా బాగున్నాయి. అవి నముల్తూ మంచం వైపు చూశాను, ఆవిడ నన్నే చూస్తోంది. నాకేం అనిపించలేదు. అనిపించిందని ఇప్పుడు రాస్తే అబద్ధం.

మాఘమాసం వెళ్లేసరికి ఎండ ముదిరింది. ఒకనాడు మా లెక్కల మాస్టారు సైకిల్ మీద మా ఇంటికొచ్చారు. వాకిట్లోనే నిలబడి, ముక్కు దగ్గర జేబురుమాలు పెట్టుకుని నాన్నతో మాట్లాడారు. "వొచ్చే సోమవారానికి పిల్ల బల్లోకి రావాలండి. హాజరు ఇప్పటికే తక్కువున్నాది. సోమవారం కూడా రాకపోతే హాల్ టికెట్టు ఇవ్వరు, నాను సెప్పినా ఇవ్వరు. బాగా సదివే గుంట, దీని బతుకు పాడు సెయ్యకండి" అన్నారు.

నాన్న చేతులు కట్టుకుని, "అలగే బాబూ, మాయమ్మ సంగతి కొంచెం..." అని నసిగాడు.

మాస్టారు నడవలోకి తొంగి చూశారు. చూసి, సైకిలెక్కారు.

పరీక్ష పోతే మళ్లీ బడి లేదని నాకు తెలుసు. మా వీధిలో ఆడపిల్లలెవరికీ మళ్లీ రాలేదు. మిల్లులో నార ఏరడమో, అమ్మ వెనకాల ఇంకో బుట్టో. ఆ సోమవారానికి ఎనిమిది రోజులున్నాయి. మామ్మ ఎనిమిది రోజుల్లో పోవాలి. ఆ మాట నేను మనసులో ఇంత స్పష్టంగానే అనుకున్నాను. దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను. నీళ్లు ఇంకాస్త తగ్గించాను.

మర్నాటికే ఆవిడ పెదాలు పగిలిపోయాయి. నాలుక నల్లగా అట్ట కట్టింది. బొంతలు తడవడం మానేశాయి. కళ్లు లోపలికి పోయాయి. నాన్న హడిలిపోయి తన చెల్లెలికి కబురు పెట్టాడు. మా అత్తని ఆమదాలవలస దగ్గర ఇచ్చారు. మర్నాడే ఏడుచుకుంటూ దిగింది. మా అత్త మంచిది. గట్టిగా ఏడుస్తుంది, గట్టిగా నవ్వుతుంది, ఎవరేం చెప్పినా నమ్మేస్తుంది.

ఎదురింటి పెద్దమ్మ వచ్చి మామ్మ నాడి పట్టుకుంది. ఊళ్లో ఏ చావైనా ఆవిడ చేతుల మీదుగానే జరగాలి. "పేనం ఏదో కోరిక మీద ఊగుతున్నాదే. లేపోతే ఈపాటికి ఎలిపోవాల. అదేటో అడిగి తీర్సండి, సుకంగా పోద్ది" అంది.

అందరూ మంచం చుట్టూ చేరారు. నాన్న, అత్త, పెద్దమ్మ, ఇరుగుపొరుగు ఇద్దరు ముగ్గురు. అమ్మ అప్పుడే మార్కెట్టు నుంచి వచ్చి, ఖాళీ బుట్ట నడుముకి ఆనించుకుని గుమ్మంలో నిలబడింది. అత్త తల్లి మొహం మీదకి వంగింది.

"అమ్మా, నానే. నీ కూతుర్నొచ్చినాను. ఏటి కావాలే నీకు? నోరిప్పి సెప్పే తల్లీ."

మామ్మ కళ్లు తెరిచింది. పెదాలు కదిపింది. "ఈల్లు" అంది.

"ఏటీ? ఏటంతంది?" అత్త ఆవిడ నోటి దగ్గర చెవి పెట్టింది. "ఈల్లా? జీల్లా?"

"జీల్లు మొన్ననే తెచ్చి పెట్టినాను కదేటి" అన్నాడు నాన్న. "దీన్నడుగు. దానికే తెలుస్తాది."

అందరూ నా వైపు తిరిగారు.

నీళ్లు అనాలి. రెండక్షరాలు. ఆ మాట అంటే అత్త చెంబుడు తెచ్చి పోస్తుంది. అసలెందుకింత ఎండిపోయిందని అడుగుతుంది. అమ్మ బుట్ట అక్కడ పడేసి నన్ను బాదుతుంది, తాను చెప్పిన సంగతి బయటపడకుండా ఉండడానికి ఇంకో రెండు ఎక్కువే బాదుతుంది. అదంతా పోనీ. నీళ్లు పడితే మామ్మ తేరుకుంటుంది. తేరుకుంటే నా సోమవారం చేజారిపోతుంది. ఇదంతా రెప్పపాటులో నా బుర్రలో తిరిగింది. భయపడి కంగారులో అనేశానని చెప్పుకోవచ్చు, ఎవరైనా నమ్ముతారు. కాని నేను కంగారు పడలేదు.

"ఇల్లు అంతంది అత్తా" అన్నాను.

"ఇల్లా? ఏ ఇల్లే?"

నాకు తెలియదన్నట్టు భుజాలెగరేశాను. అత్తే దొరకబుచ్చుకుంది. "ఓలమ్మో! కన్నోరిల్లు! మాయమ్మకి కన్నోరిల్లు గేపకమొచ్చినాదిరా అన్నియ్యా!" అని గుండెలు బాదుకుంది. నాన్న కూడా ఏడ్చాడు. పెద్దమ్మ తల ఆడించి, "నాననుకున్నాను, పుట్టింటి మీదే ఉంతాది ఆడదాని పేనం" అంది. నేను గుమ్మం వైపు చూశాను. అమ్మ నన్నే చూస్తోంది. ఒక్క క్షణం అలాగే చూసి, బుట్ట తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

మంచం మీద మామ్మ, "ఈల్లు, ఈల్లు" అంటూనే ఉంది. ఆవిడ అన్న కొద్దీ అత్త ఏడుపు ఎక్కువైంది.

మనిషిని ఎలాగూ మోసుకెళ్లలేం, ఆ ఇంటి గడప దగ్గర మట్టి తెచ్చి, నీళ్లలో కలిపి మూడు చుక్కలు నోట్లో వేస్తే చాలంది పెద్దమ్మ. మామ్మ పుట్టిల్లు చీపురుపల్లి అవతల పల్లెటూళ్లో. నాన్న మిల్లుకి సెలవు పెట్టి మర్నాటి బండికి వెళ్లాడు. ఆ రోజంతా నీళ్లు ముట్టించొద్దని పెద్దమ్మ కట్టడి చేసింది, మొదట ఆ మట్టి నీళ్లే పడాలట. అత్త తడిగుడ్డతో పెదాలద్దబోతే కూడా ఒప్పుకోలేదు. ఇన్నాళ్లూ నేను దొంగచాటుగా చేసిన పని ఇప్పుడు అందరూ కలిసి భక్తిగా చేస్తున్నారు. నాకు కాస్త తేలిగ్గా కూడా అనిపించింది.

నాన్న సాయంత్రానికి వచ్చాడు. కాగితం పొట్లంలో గుప్పెడు ఎర్రమట్టి.

"గడపకాడిదేనా?" అంది అత్త.

"గడపే" అన్నాడు. అంటూ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత నాతో చెప్పాడు. అక్కడ ఇల్లూ లేదు, గడపా లేదు. ఎవరో కొనుక్కుని పడగొట్టి డాబా కట్టారు. మెట్ల పక్కన వేలితో గీరుతుంటే ఆ ఇంటావిడ, "ఏటయ్యా, మా గోడ తవ్వుతన్నావు?" అని తిట్టిందట. నాలుగడుగులు వెనక్కొచ్చి రోడ్డు పక్కన మట్టి కట్టుకొచ్చాడు.

ఆ మట్టి గ్లాసు నీళ్లలో కలిపి గుడ్డతో వడకట్టారు. ఎర్రగా తేలింది. పెద్దమ్మ తులసాకు ముంచి ఒక చుక్క వేసింది. మామ్మ నాలుక బయటికొచ్చింది. రెండో చుక్క. మూడో చుక్క. అప్పుడావిడ ఎడం చెయ్యి లేచింది. నాలుగు రోజులుగా కదలని చెయ్యి. ఆ చెయ్యి గ్లాసు పట్టుకుంది. పట్టుకుని నోటికి లాక్కుంది. గుటకలు వినబడ్డాయి, రెండో మూడో. మట్టినీళ్లు గడ్డం మీద నుంచి కారిపోయాయి.

"సూడండ్రా, సూడండి! కన్నోరింటి మీద ఎంత పేనం ఎట్టుకున్నాదో మాయమ్మ!" అని అత్త భోరుమంది. నడవలో ఉన్నవాళ్లందరూ ఏడ్చారు. పెద్దమ్మ మాత్రం గ్లాసు లాగేసుకుంది. వేళ్లు విడదీయడానికి ఇద్దరు పట్టారు. "సాలు, సాలు. మూడు సుక్కలు పడ్డాక మరేటీ పొయ్యకూడదు. ఎల్లే పేనం ఎనక్కి తిరుగుతాది, మల్లీ నరకం పడతాది" అంది. మిగిలిన నీళ్లు తీసుకెళ్లి పెరట్లో అరటి మొదట్లో పోసింది.

మామ్మ వెంటనే పోలేదు. ఇంకా రెండు రోజులుంది. గురువారం, శుక్రవారం. అత్త మంచం దగ్గర్నుంచి కదల్లేదు. ఆవిడ "ఈల్లు" అన్నప్పుడల్లా అత్త తల నిమురుతూ, "ఇంట్లోనే ఉన్నావమ్మా. కన్నోరింట్లోనే ఉన్నావు. అదిగో మీయయ్య, మీయమ్మ" అనేది. అంత ప్రేమగా ఆవిడతో ఎవరూ మాట్లాడగా నేను చూడలేదు.

రెండో రోజుకి మామ్మ అత్తని చూడడం మానేసింది. నేను ఎటు వెళితే అటు కళ్లు తిప్పేది. నేను వంటింట్లోకి పోతే గుమ్మం మీదే చూపు. మధ్యాహ్నం అంబలి తాగి చెయ్యి కడుక్కుని వస్తున్నాను. నన్ను చూసి పెదాలు కదిలించింది. ఈసారి రెండు మాటలు.

"అల్లీ. ఈల్లు."

నేను ఆగిపోయాను. నా బతుకులో ఆవిడ నన్నెప్పుడూ అలా పిలవలేదు. తల్లీ అంటోంది. నల్ల గుంట కాదు, తల్లీ. తల్లీ, నీళ్లు.

అత్త గభాల్న తలెత్తింది. "ఇప్పుడేటంతందే? ఏదో కొత్తగా అన్నాది."

మర్నాడు శనివారం, ఎల్లుండి ఆదివారం.

"తల్లి ఇల్లు అంతంది అత్తా" అన్నాను.

"మాయమ్మే! మా బంగారు తల్లే!" అని అత్త ఆవిడ మీద పడి ఏడ్చింది. ఆ ఏడుపు కింద నుంచి మామ్మ కళ్లు నన్ను చూశాయి. నేను చెప్పింది ఆవిడకి వినబడింది. చెవులు బాగానే పనిచేసేవి, మొదటినుంచీ. ఆ తర్వాత ఇంక నోరు తెరవలేదు. అమ్మ మార్కెట్టు నుంచి వచ్చి కాళ్లు కడుక్కునే వేళకి పోయింది.

శనివారానికి దహనమూ అదీ అయిపోయింది. మైల ఇంట్లోంచి పిల్లని బడికి ఎలా పంపుతారని పెద్దమ్మ అడ్డం పడింది. అత్త ఆవిడ మీదకి లేచింది. "దీనికి మైలేటి? దీని దయ వల్లే మాయమ్మ కోరిక తీరి పోనాది. ఇదే నేకపోతే ఆ మాట మనకి తెలిసీదా? ఎల్లవే తల్లీ, సదువుకో" అంది. సోమవారం నేను మొదటి గంటకే బడిలో ఉన్నాను. లెక్కల మాస్టారు హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఆగి తల పంకించారు.

పదకొండో రోజు భోజనాలకి వచ్చిన ప్రతివాళ్లకీ అత్త నన్ను చూపించింది. "ఈ గుంటే. ముసిల్దాని మాట దీనికొక్కదానికే తెలిసీది. ఇలగ సేసీ పిల్లల్ని ఎక్కడ సూసినాం సెప్పండి?" అంది. బంధువులు నా తల మీద చెయ్యి వేశారు. వడ్డించే దగ్గర నాకు బూరెలు రెండు ఎక్కువ వేశారు. నేను తిన్నాను.

పరీక్షలు విజయనగరంలో పడ్డాయి. మొదటి పరీక్ష నాడు అమ్మ మార్కెట్టు మానేసింది. నాకు గుర్తుండగా అది మొదటిసారి. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, నూనె రాసి జడ వేసింది. వేస్తూ వేస్తూ, వెనకాల నుంచి మెల్లిగా అంది.

"ఆ యేల ఎక్కడ నీల్లంతావోనని గుండె దడదడలాడిపోనాదే నాకు."

నేను వెనక్కి తిరగబోయాను. జడ పట్టుకుని తల ముందుకి నెట్టేసింది. "కదలకు, పాయ జారిపోతాది. నీకొక్కదానికే తెలుసేటి దాని బాస? ఇరవై యేల్లు పడినాను దాంతోటి."

రిబ్బను ముడేసి, వీపు మీద ఒకటి చరిచి, "బేగి లెగు, బండెలిపోతాది" అంది. మా అమ్మ ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆవిడ పోయి కూడా చాలా ఏళ్లయింది.

చాలామంది తమ చిన్నతనాన్ని తలుచుకుని, మాకు తెలియదు, పిల్లలం అంటారు. నాకు తెలుసు. పదిహేనేళ్లకి దాహమంటే ఏమిటో తెలియదా? ఆ పని చేయడం వల్లే నేను చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, ఈ ఇల్లు కట్టుకున్నాను. అది కాకుండా ఇంకో దారి ఉందేమో, అత్తకి నిజం చెప్పి, మామ్మకి నీళ్లిచ్చి, ఆ అత్త చేతే బడికి పంపించమని అడిగుంటే ఆవిడే నెల్లాళ్లు మంచం దగ్గర కూర్చునేదేమో. కూర్చునేది. అలాంటి మనిషే ఆవిడ. ఆ సంగతి నాకు నలభై దాటాక తట్టింది. తట్టిన రోజు స్నానాలగదిలో తలుపు గడియపెట్టుకుని, కుళాయి విప్పేసి ఏడ్చాను. చావుకి ఏడవలేదు, పదకొండో రోజున ఏడవలేదు, అప్పుడేడ్చాను.

ఆ మొదటి పరీక్ష నాడు మాత్రం బండి వేళకే వచ్చింది. పరీక్ష గదిలో కిటికీ పక్కన చోటు దొరికింది. తెలుగు పేపరు. ప్రశ్నలన్నీ వచ్చినవే. చెయ్యి ఆగకుండా రాశాను. రాసినంతసేపూ ఒక్కసారైనా మామ్మ గుర్తుకు రాలేదు.